స్క్రిప్టు నడిపిన ప్రోగ్రామే దాని ఫలితానికి జవాబు చెప్పాలి

విండోస్ మీద డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసేవాళ్ల కోడ్ తెరిచి చూస్తే ఒక పద్ధతి పదేపదే కనిపిస్తుంది. సీషార్ప్ భాషలో ప్రాసెస్ స్టార్ట్ (వేరే ప్రోగ్రాముని మొదలుపెట్టే కమాండ్) అని పిలుస్తారు, దానికి పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్ల స్క్రిప్టులు నడిపే సాధనం) ఈఎక్స్ఈ పేరు ఇస్తారు, పక్కన ఎగ్జిక్యూషన్ పాలసీ బైపాస్ (స్క్రిప్టులు నడవకుండా ఆపే సెట్టింగుని దాటెయ్యమని) అని పెడతారు, ఆ తర్వాత ఒక పొడుగాటి స్ట్రింగ్ ఉంటుంది. ఆ స్ట్రింగ్‌లో సగం స్క్రిప్టు, సగం టెక్స్ట్‌బాక్సులో యూజర్ టైప్ చేసింది, రెండూ ప్లస్ గుర్తుతో అతికించి ఉంటాయి. నల్ల విండో ఒకటి మెరిసి మాయమవుతుంది, వెంటనే "విజయవంతంగా పూర్తయింది" అని మెసేజ్ వస్తుంది. పని నిజంగా అయిందో లేదో ఆ ప్రోగ్రాముకి తెలీదు. తెలుసుకునే ప్రయత్నం కూడా ఆ కోడ్‌లో ఎక్కడా ఉండదు.

ఈ పద్ధతి మానేయాలి అన్నదే నా వాదన. బటన్ నొక్కిన మనిషికి దాని వెనక స్క్రిప్టు ఉందని తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. స్క్రీన్ మీద "పూర్తయింది" అని కనిపిస్తే అది మన ప్రోగ్రాము ఇచ్చిన మాట. స్క్రిప్టు వేరే ప్రాసెస్‌లో నడిచింది, దాని ఎర్రర్ అక్కడే పోయింది, మాకేం సంబంధం అంటే కుదరదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, దీని నష్టం దగ్గరగా చూశాను. తెలిసినవాళ్ల ఆఫీసులో అకౌంట్ల ప్రోగ్రాము ఒకటి ఉండేది, బయట చేయించుకున్నదే. రోజూ సాయంత్రం "బ్యాకప్" బటన్ నొక్కితే డేటా ఫోల్డర్‌ని నెట్‌వర్క్ డ్రైవ్ మీదికి కాపీ చేసే స్క్రిప్టు నడిచేది. ఎప్పుడో ఆ డ్రైవ్ పాస్‌వర్డ్ మారింది. స్క్రిప్టు రోజూ ఫెయిలవుతోంది, ప్రోగ్రాము రోజూ "బ్యాకప్ విజయవంతం" అంటోంది, అక్కడ పనిచేసే ఆవిడ రోజూ అది చూసి, రిజిస్టర్‌లో టిక్కు పెట్టి ఇంటికెళ్తోంది. హార్డ్‌డిస్క్ పోయిన రోజున నెట్‌వర్క్ డ్రైవ్‌లో దొరికింది నెలల కిందటి కాపీ. ఆవిడ చేయాల్సిందంతా చేసింది. స్క్రిప్టు కూడా తన ఎర్రర్ తాను చెప్పింది. మధ్యలో ఉన్న ప్రోగ్రాము మాత్రం వినలేదు.

ఇందులో బాధ కలిగించేది ఏమిటంటే, పవర్‌షెల్‌ని తయారు చేసిందే ఇలా జరగకూడదని. దాన్ని రూపొందించిన మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ జెఫ్రీ స్నోవర్ 2002లో మొనాడ్ (పవర్‌షెల్‌కి అప్పటి పేరు) మానిఫెస్టో రాసినప్పుడు అందులోని ముఖ్యమైన ఆలోచన, కమాండ్లు ఒకదానికొకటి టెక్స్ట్ ఇచ్చుకోకుండా ఆబ్జెక్టులు, అంటే విడివిడిగా చదవగల విలువల మూటలు, ఇచ్చుకోవాలని, ఆ ఇంజిన్ కన్సోల్‌లోనే కాదు వేరే ప్రోగ్రాముల లోపల కూడా నడవాలని. 2006 నవంబర్‌లో మొదటి వెర్షన్ వచ్చింది. దాని వెనకే వచ్చిన మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్, ఎక్స్ఛేంజ్ సర్వర్ 2007లో మేనేజ్‌మెంట్ కన్సోల్ మొత్తం పవర్‌షెల్ మీదే కట్టారు. మౌస్‌తో క్లిక్ చేసిన ప్రతి పనీ లోపల ఒక కమాండ్‌గా నడిచేది. అంటే డెస్క్‌టాప్ ప్రోగ్రాము లోపల్నుంచి స్క్రిప్టు నడపడం ఎవరో కనిపెట్టిన అడ్డదారి కాదు, మొదటి రోజు నుంచీ ఉన్న రాజమార్గం. మనం దాన్ని వదిలేసి సందులో నుంచి వెళ్తున్నాం.

ఆ మార్గం కష్టమైనదీ కాదు. సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఆటోమేషన్ అనే లైబ్రరీని ప్రాజెక్టులో చేర్చుకోవాలి. పవర్‌షెల్ అనే క్లాసులో క్రియేట్ అని పిలిస్తే ఇంజిన్ మన ప్రాసెస్ లోపలే తయారవుతుంది. యాడ్‌స్క్రిప్ట్‌తో స్క్రిప్టు ఇవ్వాలి, యాడ్‌పారామీటర్‌తో విలువలు ఇవ్వాలి, ఇన్వోక్ అనాలి. తిరిగొచ్చేది టెక్స్ట్ కాదు, ఆబ్జెక్టుల జాబితా. ఫైలు సైజు కావాలంటే లెంగ్త్ అనే ప్రాపర్టీ చదువుకోవడమే, లైన్లో ఎన్నో అక్షరం దగ్గర అంకె మొదలవుతుందో లెక్కపెట్టే పని లేదు.

ఇక్కడ ఒక మాట. ఈ దారిలోకి వచ్చిన తర్వాత కూడా చాలామంది పాత అలవాటు వదలరు. యాడ్‌స్క్రిప్ట్ లోపలే మళ్లీ ప్లస్ గుర్తులు పెట్టి యూజర్ ఇచ్చిన ఫోల్డర్ పేరుని అతికిస్తారు. అలా చేస్తే సగం లాభం పోయినట్టే. ఫైలు పేర్లలో విండోస్ ఒప్పుకోని గుర్తులు తొమ్మిదే: రెండు కోణపు బ్రాకెట్లు, కోలన్, డబుల్ కోట్, రెండు స్లాష్‌లు, నిలువు గీత, ప్రశ్నార్థకం, నక్షత్రం. మిగిలినవన్నీ పేరులో ఉండొచ్చు. సింగిల్ కోట్ ఉండొచ్చు, సెమికోలన్ ఉండొచ్చు, డాలర్ ఉండొచ్చు, చదరపు బ్రాకెట్లు ఉండొచ్చు. ఇవన్నీ పవర్‌షెల్‌లో అర్థం ఉన్న గుర్తులే. డిసౌజా అనే ఇంటిపేరుని ఇంగ్లీషులో రాసేటప్పుడు డి పక్కన వచ్చే ఆ చిన్న కోట్ చాలు, అతికించిన స్క్రిప్టు విరిగిపోవడానికి. అది తెలియక జరిగింది. తెలిసి చేసేవాడు అదే టెక్స్ట్‌బాక్సులో కోట్ మూసి, సెమికోలన్ పెట్టి, ఫోల్డర్ మొత్తం తుడిచేసే కమాండ్ రాయగలడు. మన ప్రోగ్రాము అడ్మిన్ హక్కులతో నడుస్తుంటే అతని కమాండ్ కూడా అవే హక్కులతో నడుస్తుంది. విలువని పారామీటర్‌గా ఇస్తే ఈ గొడవ మొత్తం ఉండదు. ఎందుకంటే అప్పుడు ఇంజిన్ ఆ విలువని కోడ్‌గా చదవదు, ఎన్ని కోట్లున్నా అది పేరే.

చదరపు బ్రాకెట్ల సంగతి వేరే. పారామీటర్‌గా ఇచ్చినా సరే, పాత్ అనే పారామీటర్‌కి ఇస్తే పవర్‌షెల్ వాటిని వైల్డ్‌కార్డులుగా, అంటే ఏ అక్షరాలకి సరిపోలాలో చెప్పే గుర్తులుగా, చూస్తుంది. బిల్లు[1] అనే ఫైలుని ఇస్తే అది బిల్లు1 అనే ఫైలు కోసం వెతుకుతుంది. అది దొరకదు, కొన్ని కమాండ్లయితే దొరకలేదని చెప్పకుండా ఊరికే ఉండిపోతాయి కూడా. యూజర్ ఎంచుకున్న ఫైలు పేరుని, పేరుని ఉన్నదున్నట్టు తీసుకునే లిటరల్‌పాత్‌కే ఇవ్వాలి. ఇంత చిన్న తేడాకి కొన్ని ఫైళ్లు మాత్రమే కాపీ కాకపోవడం, అవి ఏవో అర్థం కాక తల పట్టుకోవడం చాలాచోట్ల జరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే ఎర్రర్లకి వద్దాం. పవర్‌షెల్‌లో ఎర్రర్లు రెండు రకాలు. ఒకటి పనిని అక్కడికక్కడ ఆపేసేది, ఇది మన సీషార్ప్ కోడ్‌కి ఎక్సెప్షన్‌గా వస్తుంది, ట్రై క్యాచ్‌లో, అంటే ఎర్రర్లని పట్టుకునే కోడ్‌లో, పడుతుంది. రెండోది ఆపనిది. ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నీ కాపీ చేయమంటే, వేరే ప్రోగ్రాము ఏదో లాక్ చేసి ఉంచిన ఒక ఫైలు దగ్గర ఎర్రర్ రాసి, దాన్ని వదిలేసి, మిగిలినవి కాపీ చేసుకుంటూ పోతుంది. ఇది ఎక్సెప్షన్ కాదు. ట్రై క్యాచ్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఈ ఎర్రర్లు స్ట్రీమ్స్ లోపల ఎర్రర్ అనే జాబితాలో పడి ఉంటాయి, ఇన్వోక్ అయ్యాక మనమే వెళ్లి చూడాలి. హ్యాడ్‌ఎర్రర్స్ అనే ప్రాపర్టీ అసలు ఎర్రర్లు వచ్చాయో లేదో చెబుతుంది. ఒక్కో ఎర్రర్ రికార్డులో మెసేజ్ ఒక్కటే కాదు, ఏ రకం ఎర్రరో, చాలాసార్లు ఏ ఫైలు దగ్గర వచ్చిందో కూడా ఉంటుంది.

దీనికి చాలామంది ఇచ్చే సలహా, ఎర్రర్ యాక్షన్ ప్రిఫరెన్స్‌ని స్టాప్ అని పెట్టేయండి, అన్నీ ఎక్సెప్షన్లు అయిపోతాయి అని. అన్ని పనులకీ అది సరిపోదని నేనంటాను. బ్యాంకు ఫైలు తయారు చేసే స్క్రిప్టు అయితే ఒక్క లైను తేడా వచ్చినా ఆగిపోవాల్సిందే. బ్యాకప్ అలా కాదు. ఒక ఫైలు లాక్ అయి ఉందని మిగిలిన వెయ్యి ఫైళ్లూ కాపీ కాకుండా ఆపేస్తే ఆ బ్యాకప్ వల్ల ఉపయోగం ఏముంది? అక్కడ కొనసాగనివ్వాలి, చివర్లో "ఈ ఫైళ్లు తప్ప మిగిలినవి కాపీ అయ్యాయి" అని పేర్లతో సహా చూపించాలి. ఏది ఎక్కడ అన్నది స్క్రిప్టు రాసేవాడు కాదు, ఆ పని తెలిసినవాడు తేల్చాలి.

స్క్రిప్టు లోపల బయటి ఈఎక్స్ఈలు పిలిస్తే ఇంకో జాగ్రత్త. విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీనే తీసుకోండి. దాని ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు అది ఇచ్చే అంకె) 0 అంటే కాపీ చేయాల్సింది ఏమీ లేదని, 1 అంటే ఫైళ్లు చక్కగా కాపీ అయ్యాయని, 8 గానీ అంతకు మించి గానీ వస్తేనే ఫెయిలైనట్టు. సున్నా కాకపోతే తప్పే అని గుడ్డిగా రాస్తే బ్యాకప్ బాగా అయిన రోజునే ఎర్రర్ చూపిస్తాం. ఊరికే ఎర్రర్ చూపించే ప్రోగ్రాముని జనం నమ్మడం మానేస్తారు, నిజం ఎర్రర్ వచ్చినా ఓకే నొక్కేసి పోతారు.

తెలుగుతో పని ఉన్నవాళ్లు దీని గురించి ఇంకాస్త ఎక్కువ పట్టించుకోవాలి, ఎందుకంటే బయటి ప్రాసెస్ దారిలో మన భాషకి జరిగే అన్యాయం ఇంగ్లీషువాళ్లకి కనిపించదు. విండోస్‌లో తెలుగుకి ఆన్సీ కోడ్ పేజీ (ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పాత పట్టిక) అన్నదే లేదు, ఉన్నది యూనికోడ్ ఒక్కటే. పవర్‌షెల్ 5.1ని బయటి ప్రాసెస్‌గా నడిపి దాని అవుట్‌పుట్‌ని పైప్‌లో చదివితే, అది కన్సోల్ కోడ్ పేజీలోకి మారి వస్తుంది, మన దగ్గర మామూలుగా అది 437. అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు కాబట్టి కస్టమర్ల పేర్లన్నీ ప్రశ్నార్థకాలై వస్తాయి. రెండు వైపులా యూటీఎఫ్-8 (యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతి) అని చెబితే సరవుతుంది, కానీ రెండు వైపులా చెప్పాలి, ఒకవైపే చెప్పి వదిలేస్తే ఇంకో రకం చెత్త వస్తుంది.

స్క్రిప్టు ఫైలులోనే తెలుగు ఉంటే సంగతి ఇంకా లోతు. ఈరోజుల్లో ఎడిటర్లు చాలావరకు యూటీఎఫ్-8లో, ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే బామ్ గుర్తు లేకుండా సేవ్ చేస్తాయి. పవర్‌షెల్ 7కి అది అర్థమవుతుంది. విండోస్‌తో వచ్చే 5.1 మాత్రం బామ్ లేని ఫైలుని ఆన్సీ అనుకుని చదువుతుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌పాయింట్‌కీ మూడు బైట్లు పడతాయి. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. ఆ 176ని, మన దగ్గర మామూలుగా ఆన్సీ అయిన 1252 కోడ్ పేజీలో చదివితే డిగ్రీ గుర్తు, 177ని చదివితే ప్లస్ ఆర్ మైనస్ గుర్తు. చెడిపోయిన తెలుగులో ఈ రెండు గుర్తులూ వరసగా కనిపించేది అందుకే.

అక్కడితో ఆగితే అక్షరాలు పాడయ్యాయి అనుకోవచ్చు. కానీ సున్నా, అంటే అనుస్వారం, దాని మూడో బైటు 130. ఆ కోడ్ పేజీలో 130 అంటే కింద పెట్టే సింగిల్ కోట్. పవర్‌షెల్ వంపు కోట్లని కూడా అసలు కోట్లుగానే లెక్కేస్తుంది, ఈ కింది కోట్‌తో సహా. కాబట్టి ఒక వేరియబుల్‌కి సింగిల్ కోట్ల మధ్య 'రసీదు వచ్చింది' అని ఇస్తే, వచ్చింది లోని సున్నా దగ్గరే స్ట్రింగ్ అయిపోయిందనుకుని, మిగతాది ఏమిటో అర్థం కాక స్క్రిప్టు మొత్తం నడవనని మొరాయిస్తుంది. 'రసీదు ఇచ్చారు' అని రాస్తే మాత్రం నడుస్తుంది, అందులో సున్నా లేదు కదా. ఊకారపు గుణింతం ఉన్నా ఇదే గొడవ, దాని చివరి బైటూ 130నే. ఒక తెలుగు మాటకి నడిచి, ఇంకో తెలుగు మాటకి నడవని స్క్రిప్టు ముందు కూర్చుంటే ఎంత టెన్షనో ఊహించుకోండి. చివరికి విసుగొచ్చి మెసేజ్‌లన్నీ ఇంగ్లీషులో పెట్టేస్తారు. తెలుగు సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లేకపోవడానికి ఇలాంటి చిన్న కారణాలు బోలెడు.

ఇంజిన్‌ని లోపల పెట్టుకుంటే ఈ బాధ లేదు. స్క్రిప్టు ఫైలుని మన సీషార్ప్ కోడే యూటీఎఫ్-8గా చదివి యాడ్‌స్క్రిప్ట్‌కి ఇస్తుంది, ఫలితం డాట్‌నెట్ స్ట్రింగ్‌గా తిరిగొస్తుంది. మధ్యలో కోడ్ పేజీ అనేదే రాదు.

విండో బిగుసుకుపోవడం గురించి కూడా చెప్పాలి. ఇన్వోక్‌ని బటన్ క్లిక్‌లోనే పిలిస్తే స్క్రిప్టు అయ్యేదాకా విండో కదలదు. ఐదు సెకన్లు స్పందన లేకపోతే విండోస్ దాన్ని "నాట్ రెస్పాండింగ్" అంటుంది, యూజర్ టాస్క్ మేనేజర్ తెరిచి చంపేస్తాడు, కాపీ సగంలో ఆగిపోతుంది. విండోని ఆపకుండా స్క్రిప్టుని పక్కన నడిపే బిగిన్‌ఇన్వోక్ వాడాలి. స్క్రిప్టులోని రైట్ ప్రోగ్రెస్ మాటలు ప్రోగ్రెస్ స్ట్రీమ్‌లో ఒక్కొక్కటిగా వస్తాయి, వాటిని విండోలోని ప్రోగ్రెస్ బార్‌కి కలపొచ్చు, కాకపోతే ఆ ఈవెంట్ వేరే థ్రెడ్ మీద వస్తుంది కాబట్టి విండో థ్రెడ్‌కి పంపించాలి. ఆపు బటన్ కూడా తప్పకుండా ఉండాలి, స్టాప్ అనే మెథడ్ దానికోసమే ఉంది. స్క్రిప్టులో రీడ్ హోస్ట్ అని పెట్టి యూజర్‌ని ప్రశ్న అడిగితే మాత్రం నడవదు, అడగడానికి అక్కడ కన్సోల్ లేదు. అడగాల్సింది ముందే మన విండోలో అడిగి పారామీటర్‌గా ఇవ్వాలి.

బయటి ప్రాసెస్ ఎప్పుడూ వద్దని కాదు నేననేది. పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ ప్రోగ్రాము లోపల పవర్‌షెల్ 7 ఇంజిన్ నడవదు, 7 కావాలంటే బయటికి వెళ్లాల్సిందే. మన ప్రోగ్రాము 32 బిట్‌ది అయి, 64 బిట్ మాడ్యూల్ కావాల్సి వచ్చినా అంతే. స్క్రిప్టు కూలిపోతే ప్రోగ్రాము కూడా కూలకూడదు అనుకున్నా అది మంచి కారణమే. అలాంటప్పుడు స్క్రిప్టుని ఫైలుగా ఫైల్ ఆప్షన్‌తో ఇవ్వండి, యూజర్ సొంత సెట్టింగులు లోడ్ కాకుండా నోప్రొఫైల్ పెట్టండి, ప్రశ్నలు అడగకుండా నాన్‌ఇంటరాక్టివ్ పెట్టండి. కొత్త డాట్‌నెట్‌లో ఆర్గ్యుమెంట్‌లిస్ట్ అని ఉంది, కోట్ల గొడవ అదే చూసుకుంటుంది. అవుట్‌పుట్, ఎర్రర్ రెండు పైపుల్నీ ఒకేసారి చదవండి. ఒకటి పూర్తిగా చదివాక రెండోది చదువుదాం అనుకుంటే, రెండోది నిండిపోయి స్క్రిప్టు దాని కోసం, మనం స్క్రిప్టు కోసం ఎదురుచూస్తూ ఇద్దరం ఆగిపోతాం. ఫలితాన్ని జేసన్‌గా (డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) తెప్పించుకోండి, డెప్త్ (ఎన్ని మెట్ల లోతు దాకా రాయాలో) డిఫాల్ట్‌గా 2 మాత్రమే ఉంటుంది కాబట్టి దాన్ని పెంచుకోండి. ఎగ్జిట్ కోడ్ స్క్రిప్టే స్పష్టంగా ఇచ్చేలా రాయండి, ఎందుకంటే ఆపని రకం ఎర్రర్లు ఎన్ని వచ్చినా ఫైల్ ఆప్షన్‌తో నడిచిన స్క్రిప్టు 0తోనే ముగుస్తుంది. ఇంత పని చేయగలిగితే బయటి ప్రాసెస్ కూడా నమ్మదగినదే. నా అభ్యంతరం ఇదేదీ చేయకుండా "పూర్తయింది" అనడం మీద.

ఎగ్జిక్యూషన్ పాలసీ బైపాస్ గురించి కొందరు భయపడతారు. అది భద్రతా సరిహద్దు కాదని మైక్రోసాఫ్టే చెబుతుంది, పొరపాటున స్క్రిప్టు నడవకుండా ఆపడానికి పెట్టింది. నిజంగా భయపడాల్సింది స్క్రిప్టు ఏ ఫోల్డర్‌లో ఉందన్న దాని గురించి. ప్రోగ్రాము అడ్మిన్ హక్కులతో నడుస్తూ, స్క్రిప్టేమో ఎవరైనా మార్చగలిగే ఫోల్డర్‌లో ఉంటే, ఆ కంప్యూటర్ మీద కూర్చున్న ఎవరైనా అడ్మిన్ అయిపోవచ్చు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టండి, లేకపోతే రిసోర్స్‌గా ఈఎక్స్ఈ లోపలే పెట్టేయండి.

ఇక అందరూ చేయాలని నేను కోరుకునేది ఒకటుంది. ఎక్స్ఛేంజ్ 2007లో ఏ విజార్డ్ పూర్తిచేసినా చివరి పేజీలో, ఇప్పుడు నడిచిన పవర్‌షెల్ కమాండ్ ఇదీ అని చూపించేవారు, కాపీ చేసుకోవచ్చు. విండోస్ సర్వర్ 2012లో, ఆఫీసు యూజర్ల ఖాతాలు చూసుకునే యాక్టివ్ డైరెక్టరీ అడ్మినిస్ట్రేటివ్ సెంటర్ కింద కూడా అలాంటి హిస్టరీ పేన్ పెట్టారు. మౌస్‌తో పని చేసుకునేవాళ్లు దాన్ని చూసి కమాండ్లు నేర్చుకున్నారు. మన చిన్న ప్రోగ్రాముల్లోనూ "ఏం నడిచింది" అని ఒక ట్యాబ్ పెడితే ఏం పోయింది? నడిచిన స్క్రిప్టు, ఇచ్చిన పారామీటర్లు, మొదలైన టైము, వచ్చిన ఎర్రర్లు, అంతే. ఆ ఆఫీసులో అలాంటి ట్యాబ్ ఉండి ఉంటే, ఆవిడ కాకపోయినా మరొకరెవరైనా, కనీసం నెలాఖరుకి ఆడిటర్ అయినా ఆ ఎర్రర్ చూసి అడిగేవాడు.

ఆ ట్యాబ్‌లో కనిపించకూడనిది పాస్‌వర్డ్. దాన్ని పీఎస్ క్రెడెన్షియల్ (యూజర్ పేరూ పాస్‌వర్డూ కలిపి ఉంచేది) ఆబ్జెక్టుగా పారామీటర్‌కి ఇస్తే స్క్రిప్టు టెక్స్ట్‌లో ఎక్కడా పడదు, అందుకని ట్యాబ్‌లోనూ పడదు. అదే బయటి ప్రాసెస్ కమాండ్ లైన్‌లో అతికించి ఇచ్చారనుకోండి, టాస్క్ మేనేజర్‌లో కమాండ్ లైన్ కాలమ్ పెట్టుకున్నవాళ్లకి, స్క్రిప్టు నడుస్తున్నంతసేపూ, అది అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది.